తరలి వచ్చిన రాళ్ళు, తరలి వచ్చే జనం

శిథిలాలకూ వాటిని చూడవచ్చే జనానికీ మధ్య ఉన్న బంధం ఎక్కడైనా చిక్కుముడి వంటిదే అయినా, పల్నాటి నాగార్జునకొండలో ఆ ముడి మరింత బిగుసుకొని కనబడుతుంది. ఇక్కడి ప్రాచీన కట్టడాలు పుట్టిన చోట లేవు. అవి పుట్టిన లోయ అరవై ఏళ్ళకు దగ్గరగా కృష్ణా జలాల అడుగున ఉంది. ముందు తరాలవారు చూడాలన్న ఉద్దేశంతోనే వాటిలో కొన్నింటిని రాయి రాయిగా, ఇటుక ఇటుకగా విప్పి, మోసుకువచ్చి, కొండ మీదా నది గట్టు మీదా తిరిగి నిలబెట్టారు. చూడవచ్చేవారే లేకపోతే ఆ శ్రమకు అర్థం ఉండదు. అయితే అలా వచ్చేవారి ప్రతి అడుగూ, రాతిని తడిమే ప్రతి చెయ్యీ ఆ కట్టడాల ఆయుష్షులో పిసరంత తీసుకుపోతూనే ఉంటుంది. ఈ లాభనష్టాల లెక్క వచ్చేవారి సంఖ్యను బట్టి తేలుతుందని సాధారణంగా అనుకుంటారు గాని, వారు అక్కడ ఎంతసేపు నిలుస్తారు, ఏం తెలుసుకొని నిలుస్తారు, వారు ఖర్చుపెట్టిన రూపాయి ఎవరికి చేరుతుంది అన్నవాటిని బట్టి తేలుతుందని నాగార్జునకొండ అనుభవం చెబుతోంది.

నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకు పడమటి కొసన, మాచర్లకు ఆవల, నల్లమల కొండల వరుసలు మూడు వైపులా కోటగోడల్లా నిలిచి, మిగిలిన వైపు కృష్ణానది కందకంలా పారే లోయ ఒకటి ఉండేది. శాతవాహనుల తరువాత క్రీ.శ. 3వ శతాబ్దంలో ఆంధ్రదేశాన్ని ఏలిన ఇక్ష్వాకులు ఆ లోయలోనే తమ రాజధాని విజయపురిని కట్టుకున్నారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అనే నలుగురు రాజుల కాలంలో, అంటే సుమారు వందేళ్ళలో, అక్కడ కోట, రాజప్రాసాదం, వీధులు, నది ఒడ్డున రాతి మెట్ల స్నానఘట్టాలు, ముప్పైకి పైగా బౌద్ధ విహారాలు, వాటితో పాటు కార్తికేయునికి, అష్టభుజస్వామికి, పుష్పభద్రస్వామికి ఆలయాలు వెలిశాయి. విహారం అంటే భిక్షువులు నివసించే గదుల వరుస; చైత్యం లేదా స్తూపం అంటే బుద్ధుని ధాతువుల మీదో, వాటి స్మృతికోసమో కట్టిన అర్ధగోళాకారపు దిబ్బ. రాజకుటుంబపు స్త్రీ చాంతిసిరి వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో పూర్తిచేయించిన మహాచైత్యం 106 అడుగుల వ్యాసం కలది. దాని పునాదిని బండిచక్రం మాదిరిగా, నడుమ కుండ, చుట్టూ ఆకులు, ఆకులను కలిపే వలయాలు ఉండేటట్లు ఇటుక గోడలతో కట్టి, ఆ గోడల మధ్య ఖాళీలను మట్టితో నింపారు. అంత పెద్ద దిబ్బ బరువును తక్కువ ఇటుకతో నిలబెట్టే ఈ ఉపాయం ధర్మచక్రాన్ని కూడా గుర్తుచేస్తుంది గనుక, అందులో శిల్పి బుద్ధీ భక్తుని మనసూ కలిసి పనిచేశాయని చెప్పవచ్చు. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, తామ్రపర్ణి మొదలైన దేశాల పేర్లు కనబడతాయి. సింహళ భిక్షువుల కోసం అక్కడ ప్రత్యేకంగా ఒక విహారమే ఉండేది. అంటే దూరదేశాల యాత్రికులు పల్నాటికి రావడం కొత్త సంగతి కాదు. పదిహేడు వందల ఏళ్ళ కిందటే ఇది అనేక దేశాలవారు వెతుక్కుంటూ వచ్చిన చోటు.

ఆ తరువాత లోయను అడవి కప్పేసింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు అక్కడ నిలిచి ఉన్న ఒక పాత స్తంభాన్ని గుర్తించి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేయగా, శాసన విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించాడు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసేనాటికే, నీరు నిండేలోపు లోయనంతా శోధించాలన్న సంకల్పంతో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన ప్రత్యేక తవ్వకాల పథకం మొదలై ఏడాది దాటింది. 1960 వరకు సాగిన ఆ పనిలో వందకు పైగా స్థలాలను తవ్వారు; పాత రాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు కోట దాకా మానవచరిత్ర పొరలన్నీ ఆ ఒక్క లోయలోనే బయటపడ్డాయి. దేశానికి అన్నం పెట్టే నీరు ఒకవైపు, దేశపు జ్ఞాపకం ఒకవైపు నిలిచినప్పుడు నీటినే ఎంచుకోవలసి వచ్చింది. నాగార్జునసాగర్ కాలువల కింద పండుతున్న పొలాలను చూసినవారెవరూ ఆ ఎంపికను తప్పుపట్టలేరు. కాని ఆ ఎంపికకు చెల్లించిన మూల్యం ఎంతటిదో గుర్తుంచుకోవడం ఆ నీరు తాగేవారి బాధ్యత.

తవ్విన వాటన్నింటినీ తరలించడం సాధ్యం కాదు గనుక, ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను నాగార్జునకొండ శిఖరం మీదికి చేర్చి తిరిగి కట్టారు. మరికొన్నింటికి కొలతలు తగ్గించిన నమూనాలు తయారుచేశారు. జలాశయం నిండాక ఆ కొండ శిఖరమే చుట్టూ నీరున్న దీవి అయింది. విహారం ఆకారంలో కట్టిన మ్యూజియంను 1966లో ఆ దీవి మీదే తెరిచారు. నదికి కుడి గట్టున అనుపు అనే చోట క్రీడారంగస్థలాన్ని, హారీతి ఆలయాన్ని, ఆచార్య నాగార్జునుని విశ్వవిద్యాలయమని జనం పిలుచుకునే విహార సముదాయాన్ని నిలబెట్టారు. క్రీడారంగస్థలం అంటే నాలుగు వైపులా మెట్ల వరుసలతో, నడుమ చదునైన దీర్ఘచతురస్రపు ఆవరణతో ఉండే ప్రదర్శనశాల. ప్రాచీన భారతదేశంలో ఇటువంటి కట్టడం దొరకడం చాలా అరుదు. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ ఆలయాలను 1964-68 మధ్య కోసి పైకి తరలించిన సంగతి లోకమంతా చెప్పుకుంటుంది గాని, అంతకు ముందే పల్నాటిలో తెలుగు కూలీలూ మేస్త్రీలూ ఇటువంటి పనికి చేతులు కలిపారన్నది పాఠ్యపుస్తకాల్లో కూడా తగినంతగా కనబడదు. ఆ అనుభవం వృథా పోలేదు. శ్రీశైలం జలాశయం నిండేటప్పుడు ముంపు గ్రామాల ఆలయాలను విప్పి ఎత్తు ప్రదేశాలకు చేర్చిన పని, అందులో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తెచ్చిన పని, ఇదే దారిలో నడిచాయి.

అయితే తరలించిన కట్టడానికి ఒక లోటు తప్పదు. ఏ నదికి ఎదురుగా అది ఉండేది, ఏ వీధి చివర ఉండేది, దాని పక్కన ఎవరి ఇళ్ళు ఉండేవి అన్న సంబంధాలన్నీ తెగిపోతాయి. పుట్టిన చోటనే ఉన్న శిథిలం తన పరిసరాల ద్వారా కొంత కథ తానే చెప్పుకుంటుంది. తరలి వచ్చిన శిథిలానికి మాత్రం ఎవరో ఒకరు కథ చెప్పాలి, ఎవరో ఒకరు వినాలి. అందుకే నాగార్జునకొండలో యాత్రికునికి వివరించి చెప్పడం వినోదానికి చేసే అదనపు సేవ కాదు. అది పరిరక్షణలో భాగం.

సందర్శకుల రాకవల్ల జరిగే హానిని అర్థం చేసుకోవాలంటే ముందు రాతిని అర్థం చేసుకోవాలి. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలను చెక్కింది పల్నాటి సున్నపురాతిలో. లేత ఆకుపచ్చ, బూడిద రంగులు కలిసిన ఈ రాయి ఉలికి మెత్తగా లొంగుతుంది. అందుకే ఆనాటి శిల్పులు గోరంత స్థలంలో ముఖాన్ని, ముఖంలో భావాన్ని చెక్కగలిగారు. కాని ఉలికి లొంగే రాయి మిగతావాటికీ లొంగుతుంది. మాచర్ల, దాచేపల్లి ప్రాంతపు నాపరాళ్ళు పరిచిన గచ్చు మీద నిమ్మరసమో చింతపండు పులుసో ఒలికితే మచ్చపడి, ఎంత తోమినా పోకపోవడం పల్నాటి ఇల్లాళ్ళందరికీ తెలిసిన సంగతే. సున్నపురాయి పులుపుకు కరుగుతుంది. మనిషి చెమటలో ఉప్పు, కొద్దిపాటి ఆమ్లం, చర్మపు జిడ్డు ఉంటాయి. ఒక్కసారి తాకితే ఏమీ కాదు. వేలమంది ఒకే చోట, సాధారణంగా శిల్పంలో అందరి చెయ్యీ పోయే బుగ్గ మీదో భుజం మీదో తాకితే, అక్కడ మొదట నునుపుదనం, తరువాత నలుపు, చివరకు గీతల చెరుగుదల కనబడతాయి. జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది. దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది. తేమతో కరిగి రాతి లోపలికి దిగిన ఉప్పు, ఎండకు తిరిగి గట్టిపడి స్ఫటికాలై, రాతి పైపొరను లోపలి నుంచి పెచ్చులుగా నెడుతుంది. ఉప్పు పట్టిన శిల్పానికి శుద్ధి చేసిన నీటిలో నానబెట్టిన కాగితపు గుజ్జును పట్టీలా వేసి, ఆ గుజ్జు ఆరుతూ ఉప్పును పీల్చుకునేదాకా ఆగి, మళ్ళీ మళ్ళీ అదే పని చేయడం సంరక్షకులు అనుసరించే ఒక పద్ధతి. ఒక నిమిషంలో చెయ్యి చేసిన పనిని విప్పడానికి నెలలు పట్టవచ్చునన్న సంగతి సందర్శకులలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

శిల్పాలలో ముఖ్యమైనవి మ్యూజియం గదుల్లో ఉన్నాయి గనుక కొంత రక్షణ ఉంది. ఆరుబయట ఎండకూ వానకూ నిలిచిన ఇటుక కట్టడాలకు ఆ భాగ్యం లేదు. ఇక్ష్వాకుల కాలపు ఇటుక ఇరవై అంగుళాల పొడవు, పది అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల మందం ఉండే పెద్ద ఇటుక. అటువంటి ఇటుకలతో కట్టిన మొండిగోడ చూసేవారికి కూర్చోవడానికి అనువైన అరుగులా కనబడుతుంది, పిల్లలకు నడవడానికి గట్టులా కనబడుతుంది. మొండిగోడకు నిజానికి అన్నింటికన్నా బలహీనమైన భాగం దాని తలే. పైకప్పు లేని గోడలోకి వాననీరు తలమీది నుంచే దిగుతుంది. అందుకే పురావస్తు శాఖవారు పైవరుస ఇటుకల మీద సున్నపు మిశ్రమంతో ఒక పొర వేసి నీరు జారిపోయేటట్లు చేస్తారు. నడిచే కాళ్ళ కింద ఆ పొర ముందుగా పగులుతుంది, పగులులో విత్తనం పడుతుంది, రావి మొక్కో మర్రి మొక్కో వేరు దించుతుంది. ఆ పగుళ్ళను సిమెంటుతో పూడిస్తే పని తొందరగా అయినట్టు కనిపించినా, పాత ఇటుక కన్నా సిమెంటు గట్టిది, తేమను బయటికి పోనివ్వనిది గనుక, కొన్నేళ్ళకు సిమెంటు నిలిచి చుట్టూ ఉన్న ఇటుకే పొడిగా రాలిపోతుంది. సున్నంతో చేసిన మరమ్మతు నిదానమైనది, ఓపిక గల మేస్త్రీ కావాలి. పిడుగురాళ్ళ బట్టీల సున్నం దేశంలో అనేక ప్రాంతాలకు వెళ్ళే ఈ జిల్లాలో, సున్నపు పని బాగా తెలిసిన చేతులు తగ్గిపోకుండా చూసుకోవడం కూడా శిథిలాల రక్షణలో ఒక భాగమే.

ఇక సందర్శన తీరు విషయానికి వస్తే, నాగార్జునకొండకు వచ్చేవారిలో చాలామంది ముందుగా ఆ కొండ కోసం బయలుదేరినవారు కారు. ఆనకట్ట 26 గేట్లు ఎత్తి నీరు వదిలారన్న వార్త వినగానే హైదరాబాదు నుంచీ గుంటూరు నుంచీ కార్లు, బస్సులు కదులుతాయి. సాగర్ చూడటం, ఎత్తిపోతల జలపాతం చూడటం, సమయం మిగిలితే కొండమీది మ్యూజియం చూసి రావడం, ఇదీ వరస. దీవికి దారి నీటి మీదనే గనుక విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కాలి. గంటకు దగ్గరగా సాగే ఆ ప్రయాణం ఎంతో ఆహ్లాదకరమైనది. తాము దాటుతున్నది ఒక నగరం మీది నీటినన్న స్పృహ కలిగితే ఆ ఆహ్లాదానికి లోతు కూడా వస్తుంది. కాని దిగగానే తిరుగు లాంచీ సమయం గుర్తుచేస్తారు. ఆ కాస్త వ్యవధిలో రేవు నుంచి నడిచి, పునర్నిర్మిత కట్టడాలను దాటి, మ్యూజియంలోని స్తంభాలు, శాసనాలు, జాతక కథల పలకలు, శక సైనికుని దుస్తులు ధరించిన విగ్రహం అన్నీ చూసి, ఫొటోలు తీసుకొని వెనక్కి చేరాలి. ఒక లాంచీ జనం మొత్తం ఒక్కసారే ఆ ఇరుకు గదుల్లోకి వస్తారు, ఒక్కసారే వెళ్తారు. వారు వెళ్ళాక చాలాసేపు అక్కడ నిశ్శబ్దం. రోజంతటి మీద లెక్కవేస్తే సంఖ్య పెద్దది కాకపోవచ్చు గాని, ఆ కొద్ది సమయపు తొక్కిడిలో కాపలాదారు కళ్ళు చాలవు, వివరించేవారి గొంతు వినబడదు. తొందరలో ఉన్న మనిషి చదవడు, తడుముతాడు. వినడు, ఎక్కి చూస్తాడు. ఒకే సంఖ్యలో జనం నిదానంగా, విడతలు విడతలుగా వస్తే జరిగే హానికీ, ఒక్కుమ్మడిగా వస్తే జరిగే హానికీ ఎంతో తేడా ఉంటుంది.

అనుపులో పరిస్థితి వేరు. అక్కడికి రోడ్డు ఉంది, లాంచీ అక్కరలేదు. కార్తీకమాసంలో వనభోజనాలకు, సెలవుల్లో విహారానికి చెట్టునీడ, నీటిగాలి ఉన్న చోటు వెతుక్కుంటూ వచ్చే కుటుంబాలకు ఇటువంటి నది గట్టు ఎంతో నచ్చుతుంది. రక్షిత కట్టడాల ఆవరణలో, అనుమతించిన చోట తప్ప, వంట చేయడం, భోజనం చేయడం నిషిద్ధమని 1959 నాటి నియమాలే చెబుతున్నాయి. పొయ్యి పొగ రాతికి మసి పడుతుంది, ఎంగిలి విస్తళ్ళకు కోతులు, కుక్కలు చేరతాయి, ఎలుకలు వచ్చి గోడల కింద బొరియలు తవ్వుతాయి. వనభోజనం మన సంస్కృతిలో ఎంతో అందమైన ఆచారం. దాన్ని శిథిలాల ఆవరణ నుంచి కొంచెం పక్కకు, నీటి కుళాయి, చెత్తకుండీ, మరుగుదొడ్డి ఉన్న తోటలోకి తప్పించగలిగితే ఆచారమూ నిలుస్తుంది, ఇటుకా నిలుస్తుంది. అటువంటి తోటను ముందుగా సిద్ధం చేయకుండా బోర్డు మీద నిషేధం మాత్రమే రాసి పెడితే ఫలితం ఉండదు.

ఈ ప్రదేశపు పాలన కూడా ఒకరి చేతిలో లేదు. కట్టడాలు, మ్యూజియం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థవి. లాంచీలు పర్యాటకాభివృద్ధి సంస్థవి. నీటిమట్టం ఆనకట్ట అధికారుల చేతిలో ఉంటుంది. చుట్టూ ఉన్నది పులుల అభయారణ్యం గనుక అడవి అటవీశాఖది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆనకట్టకు ఒక ఒడ్డు తెలంగాణలో, మరో ఒడ్డు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పడవ మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయిన తరువాత రాష్ట్రంలో నదీ విహార పడవలను నిలిపివేసి భద్రతా నియమాలను పునఃపరిశీలించడం ఎంతో అవసరమైన చర్య. అయితే నీటిదారి తప్ప మరో దారి లేని దీవి మీది మ్యూజియం, తన ప్రమేయం ఏమీ లేని కారణాలవల్ల కూడా మూగబోగలదని అటువంటి సందర్భాలు గుర్తుచేస్తాయి. ప్రవేశ టికెట్టు సొమ్ము నేరుగా ఆ స్థలపు మరమ్మతుకు చేరదు. అది కేంద్ర ఖజానాలో కలిసి, బడ్జెట్టు కేటాయింపు రూపంలో తిరిగి రావాలి. లాంచీ ఛార్జీ మరో సంస్థకు పోతుంది. జనం పెరిగితే అరుగుదల పెరిగేది ఇక్కడ, ఆదాయం చేరేది మరోచోట. సందర్శకుడు ఇచ్చిన రూపాయిలో కొంత భాగమైనా అతను నడిచిన గోడకే తిరిగి రావాలన్న కోరిక న్యాయమైనది.

జనం రాకపోవడమే శిథిలానికి క్షేమమని ఎవరైనా అనుకుంటే, ఇదే పల్నాడు జిల్లాలో ఉన్న అమరావతి స్తూపం చరిత్ర చూడాలి. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త పట్టణం కడుతున్నప్పుడు దీపాలదిన్నె అని పిలిచే దిబ్బను ఇటుక కోసం, రాయి కోసం తవ్వారు. చెక్కిన పలకలలో కొన్ని మెట్లయ్యాయి, కొన్ని గోడల్లో కలిశాయి, కొన్నింటిని సున్నం కోసం కాల్చారు. 1797లో చూసిన కాలిన్ మెకంజీ 1816లో తిరిగి వచ్చేసరికి స్తూపం ఆకారమే చెదిరిపోయింది. తరువాత వచ్చిన వాల్టర్ ఇలియట్, రాబర్ట్ సూయెల్, జేమ్స్ బర్జెస్ వంటివారు మిగిలిన శిల్పాలను వెలికితీయించారు. వాటిలో అధికభాగం మద్రాసు మ్యూజియంకు, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకు చేరింది. విలువ తెలియనివారు కాల్చారు, విలువ తెలిసినవారు తీసుకుపోయారు. అమరావతిలో మిగిలింది పునాది వలయం. ఆ శిల్పం తమదని చెప్పుకొని కాపలా కాసే స్థానిక సమాజం ఆనాడు లేకపోవడమే అసలు నష్టం. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర ఉత్సవం నిర్వహించినప్పుడు దేశదేశాల బౌద్ధులు అదే నేలకు తరలివచ్చారు. మహాచైత్యం చుట్టూ వారు చేసిన ప్రదక్షిణ, ఇది ఎవరికో పూజనీయమైన చోటన్న సంగతిని ఊరివారికి కళ్ళకు కట్టినట్టు చూపింది.

ఇతర దేశాలు, ఇతర రాష్ట్రాలు ఈ చిక్కును ఎదుర్కొన్న తీరులో నాగార్జునకొండకు పనికివచ్చేవి కొన్ని ఉన్నాయి. ఫ్రాన్సులోని లాస్కో గుహలో పదిహేడు వేల ఏళ్ళనాటి చిత్రాలను చూడవచ్చినవారి ఊపిరిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు వల్ల గోడల మీద నాచు, బూజు పెరగడంతో 1963లో గుహను మూసివేసి, 1983లో దగ్గరలోనే దాని ప్రతిరూపాన్ని తెరిచారు. ప్రతిరూపం చూడటానికి జనం రారేమోనన్న సందేహం అక్కడ నిలవలేదు. నాగార్జునకొండ మీది నమూనాలను కూడా అసలు దొరకనప్పుడు పెట్టిన బొమ్మలుగా కాక, చెయ్యి పెట్టి చూడదగిన, పిల్లలు ఎక్కి తిరగదగిన పాఠాలుగా మలిస్తే అసలు కట్టడాల మీద ఒత్తిడి తగ్గుతుంది. అజంతాలో వాహనాలను నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఆపి, అక్కడి నుంచి ప్రత్యేక బస్సుల్లో తీసుకువెళ్ళి, చిత్రాలున్న గుహల్లోకి కొద్దిమందిని మాత్రమే ఒక్కో విడతలో పంపుతారు. దీవికి ఆ సౌకర్యం ప్రకృతే ఇచ్చింది. లాంచీల మధ్య వ్యవధిని సరిచేస్తే చాలు, గేటు అక్కరలేకుండానే జనం విడతలుగా చేరతారు.

చట్టం వైపు నుంచి చూస్తే 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, దానికి 2010లో చేసిన సవరణ బలమైనవే. రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో రెండు వందల మీటర్ల వరకు అనుమతితోనే నిర్మించాలి. కట్టడానికి హాని చేస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 2019లో హంపీలో ఒక స్తంభాన్ని తోసి పడవేసిన యువకుల వీడియో బయటికి వచ్చినప్పుడు, న్యాయస్థానం వారికి ఒక్కొక్కరికి డెబ్బై వేల రూపాయల జరిమానా వేయడంతో పాటు, పడిన స్తంభాన్ని వారి చేతులతోనే నిలబెట్టించింది. డబ్బు కట్టి మరిచిపోయే అవకాశం ఉన్న శిక్ష కన్నా, రాతి బరువును చేతులకు తెలియజెప్పిన ఆ శిక్షలో వివేకం ఎక్కువగా ఉంది.

కొండవీడు కోట విషయంలో ఇప్పుడే జాగ్రత్త పడవలసిన సమయం. రెడ్డిరాజుల రాజధానిగా వెలిగిన ఆ గిరిదుర్గానికి కాలినడకన తప్ప చేరే వీలు లేనంత కాలం, ఎక్కే శ్రమే వచ్చేవారిని వడపోసింది. ఇటీవలి సంవత్సరాల్లో ఘాట్‌రోడ్డు వచ్చాక వృద్ధులు, పిల్లలు కూడా చూడగలగడం ఎంతో మంచిదే. కాని రోడ్డు మనుషులతో పాటు ప్లాస్టిక్ సీసాలను, గోడల మీద పేర్లు చెక్కే మేకులను కూడా మోసుకువస్తుంది. కోటగోడల తనిఖీ, కాపలా, చెత్త దించే ఏర్పాటు రోడ్డుతో సమంగా పెరగాలి.

పల్నాటి ప్రజలకు పాత రాయిని గౌరవించడం తెలియదనుకోవడం అన్యాయం. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య మొదలు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు పేర్లతో ఐదు రోజులు జరిగే వీరారాధన ఉత్సవాలకు వేలాది జనం వస్తారు. పల్నాటి యుద్ధంలో పడిన వీరుల స్మృతిచిహ్నాల ముందు ఎవరూ చెప్పులతో నిలవరు, ఎవరూ రాతి మీద పేరు చెక్కరు. అక్కడ కాపలా కాసేది కంచె కాదు, కథ. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు ఎవరో ప్రతి పిల్లవాడికీ తెలుసు. విజయపురిలో కూడా మరణించిన రాజుల, సేనానుల, చివరకు శిల్పకారుల పేరిట ఛాయాస్తంభాలు నిలిపారు. ఛాయాస్తంభం అంటే చనిపోయినవారి రూపాన్ని చెక్కి స్మృతిగా నిలబెట్టిన స్తంభం. వీరుని రాతిలో నిలుపుకొనే అలవాటు ఈ నేలలో కారెంపూడి కన్నా వెయ్యేళ్ళ పాతదని ఆ స్తంభాలు చెబుతున్నా, శాంతమూలుని కథ, చాంతిసిరి కథ పల్నాటి పిల్లలకు ఇంకా తమ ఇంటి కథలు కాలేదు. మాచర్లకు దగ్గరలోనే ఉన్న దుర్గిలో రాతిశిల్పులు భౌగోళిక గుర్తింపు పొందిన తమ విద్యతో నేటికీ విగ్రహాలు చెక్కుతున్నారు. మ్యూజియంలోని పలకలను ఉలి ఎటు నుంచి ఎటు నడిచిందో చూపుతూ వివరించగలవారు వారికన్నా ఎవరుంటారు? ఆ పలకల చిన్న ప్రతిరూపాలను రేవు దగ్గర అమ్మే అవకాశం వారికి కల్పిస్తే, యాత్రికుని చెయ్యి అసలు శిల్పాన్ని తడమవలసిన అవసరమూ తగ్గుతుంది, శిథిలాలు క్షేమంగా ఉండటం ఊరివారి జీవనోపాధికి సంబంధించిన విషయమూ అవుతుంది.

వీటన్నింటికీ పెద్ద నిధులు వచ్చేదాకా ఆగనక్కరలేదు. మ్యూజియంలో, మునిగిన లోయ అంతా కొండలు, నది, తవ్విన స్థలాలతో సహా చూపే నమూనా ఒకటి ఉంది. దాన్ని చూసిన తరువాతే చుట్టూ ఉన్న నీరు ఏమిటో, కొండ మీది మొండిగోడ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది; కాని అది కంటపడేసరికి సందర్శకుని చేతిలో మిగిలేది తిరుగు లాంచీకి ఉన్న కొద్ది నిమిషాలే. తొందర లేని సమయం అతనికి ఒక్కచోటే ఉంది. విజయపురి సౌత్ రేవులో, టికెట్టు కొని, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని, లాంచీ నిండేదాకా నీటి వంక చూస్తూ ఎదురుచూసే సమయం అది. అటువంటి నమూనా ఒకటి ఆ రేవులోనే పెట్టి, దాని పక్కన మాచర్ల కళాశాలలో చరిత్ర చదివిన యువతినో యువకుణ్ణో నిలబెట్టి, మహాచైత్యం ఎక్కడ ఉండేదో, స్నానఘట్టం ఏ ఒడ్డున ఉండేదో వేలితో చూపిస్తూ చెప్పించవచ్చు.